టీకాల రోజున ఆ భుజం కూడా చూడండి

సంపాదకులకు,

కాన్పులో భుజం నరాలు దెబ్బతిన్న పిల్లల గురించి పత్రికల్లో ఎప్పుడో ఒకసారి వార్త వస్తుంది. వస్తే ఒకటే తీరు: ‘చచ్చుబడిన చేతికి ప్రాణం’ అని శీర్షిక, కింద వైద్య బృందం ఫొటో. ఏ ఆపరేషన్ చేశారు, ఏ వయసులో చేశారు, అంతకు ముందు ఏం చేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు అన్న ముక్క అందులో ఉండదు. అలాంటి బిడ్డ ఇంట్లో ఉన్నవాళ్లకు కావలసింది ఆ ముక్కే. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే ఈ పేరానే కత్తిరించండి.

మెడలోంచి చేతికి దిగే నరాలు 5: సీ5, సీ6, సీ7, సీ8, టీ1. మెడ పక్కన, కాలర్ ఎముక వెనక ఇవి కలుస్తూ విడిపోతూ అల్లుకుంటాయి. ఆ అల్లికే బ్రేకియల్ ప్లెక్సస్. తల బయటికొచ్చాక బిడ్డ భుజం తల్లి కటి ఎముక దగ్గర ఇరుక్కుంటే, మెడకూ భుజానికీ మధ్య ఈ నరాలు సాగుతాయి. కొన్నిసార్లు తెగుతాయి. మరీ గట్టి లాగుడైతే వెన్నుపాము దగ్గర మొదలంటా ఊడివస్తాయి. వెయ్యి కాన్పులకు సుమారు ఒకరిద్దరు పిల్లలకు ఇలా జరుగుతుంది. బిడ్డ 4 కిలోలు దాటినా, తల్లికి షుగర్ ఉన్నా, బిడ్డ ఎదురుకాళ్లతో పుట్టినా, ఫోర్సెప్స్ గానీ వాక్యూమ్ గానీ వాడాల్సి వచ్చినా ముప్పు పెరుగుతుంది. సిజేరియన్‌తో తగ్గుతుంది గానీ బొత్తిగా పోదు.

ఎక్కువగా దెబ్బతినేవి పైనున్న సీ5, సీ6. జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఎర్బ్ 1874లో దీన్ని వివరించాడు కాబట్టి ఎర్బ్స్ పాల్సీ అన్న పేరు నిలిచింది. చెయ్యి ఒంటికి అంటుకుని, లోపలికి తిరిగి, మోచెయ్యి చాపుకుని, అరచెయ్యి వెనక్కి చూస్తూ ఉంటుంది. వేళ్లు మాత్రం కదులుతాయి. వేళ్లు కూడా కదలక, అదే వైపు కనురెప్ప కాస్త వాలి, కంటిపాప చిన్నదైతే కింది నరాలు సీ8, టీ1 కూడా పోయాయని అనుమానించాలి. ఆ బిడ్డ సంగతి వేరు. నెలలు చూస్తూ కూర్చోకుండా వెంటనే నరాల సర్జన్‌కు చూపించాలి.

చాలామంది పిల్లలకు చెయ్యి దానంతటదే వస్తుంది. నెల, రెండు నెలల్లోపే మోచెయ్యి వంచి చెయ్యి నోటిదాకా తెచ్చుకున్న బిడ్డ దాదాపు పూర్తిగా కోలుకుంటుంది. ఈ నిజమే మిగతా పిల్లలకు చేటు తెస్తోంది. ‘వస్తుందిలే, ఏడాది చూద్దాం’ అన్న మాట ఇంట్లో అమ్మమ్మ నుంచి క్లినిక్‌లో డాక్టరు దాకా అందరూ అంటారు. నరం విషయంలో ఆ మాట కొంతవరకు చెల్లుతుంది. భుజం కీలు విషయంలో అస్సలు చెల్లదు. నరం లెక్క వేరు, కీలు లెక్క వేరు.

ఎందుకంటే, చేతిని బయటికి తిప్పే కండరాలు ఇన్‌ఫ్రాస్పైనేటస్, టీరీస్ మైనర్. రెండింటికీ నరం వచ్చేది సీ5, సీ6 నుంచే. లోపలికి తిప్పేవి సబ్‌స్కాపులారిస్, ఛాతీ మీది పెక్టొరాలిస్ మేజర్, వీపు మీది లాటిసిమస్, టీరీస్ మేజర్. వీటిలో చాలావాటికి కింది నరాల నుంచి కూడా సాయం అందుతుంది. దాంతో చెయ్యి ఎప్పుడూ లోపలికే లాగబడి ఉంటుంది. పైగా నరం దెబ్బతిన్న కండరం ఎముకతో సమానంగా పొడవు పెరగదు. బిడ్డ పెరుగుతున్న కొద్దీ అది బిగుసుకుపోతుంది. పసిబిడ్డ కీలు ఇంకా చాలావరకు మృదులాస్థే, అంటే గట్టిపడని మెత్తటి ఎముకే కాబట్టి, దండ ఎముక (భుజం నుంచి మోచేతి దాకా ఉండేది) తల రోజూ తను కూర్చునే గిన్నె (వీపు పైన ఉండే రెక్క ఎముక మీది గుంట) వెనక అంచును ఒత్తుతూ ఉంటే గిన్నె ఆ వైపుకే వాలిపోతుంది. తల మెల్లగా వెనక్కి జారుతుంది. చివరికి అసలు గిన్నె పక్కన ఇంకో దొంగ గిన్నె తయారవుతుంది. ఇదంతా మొదటి పుట్టినరోజు లోపే జరిగిపోవచ్చు. అప్పటికి వేళ్లు బాగా ఆడుతుంటాయి, మోచెయ్యి వంగుతుంటుంది. ఇంట్లోవాళ్లు నయమైందనే అనుకుంటారు.

దీన్ని పట్టుకోవడానికి కొత్త పథకాలు అక్కర్లేదు. బిడ్డ ఎలాగూ టీకాలకు వస్తుంది: 6, 10, 14 వారాలకు, 9 నెలలకు, 16–24 నెలల మధ్య, మళ్లీ 5–6 ఏళ్లకు. ఆ తేదీలు ఈ జబ్బు మలుపులకు దాదాపు సరిగ్గా సరిపోతాయి. టీకా వేసే ఏఎన్‌ఎం, కార్డు రాసే ఆశా కార్యకర్త రెండు నిమిషాలు కేటాయిస్తే చాలు.

14వ వారం మోచెయ్యి చూసే వారం. బిడ్డను కాస్త ఒరగబెట్టి కూర్చోబెట్టి, మంచి చెయ్యి మెత్తగా పట్టుకుని, రెండో చేతికి ఆటవస్తువు అందించండి. మోచెయ్యి బరువుకు ఎదురుగా పైకి వంగుతోందా? భుజం విసిరి చెయ్యి ఊపితే లెక్కలోకి రాదు. వంగడం లేదంటే బిడ్డను ఆ నెలలోనే నరాల ఆపరేషన్ చేసే సర్జన్‌కు చూపించాలి. టొరంటో పద్ధతిలో మోచెయ్యి వంచడం, చాపడం, మణికట్టు, వేళ్లు, బొటనవేలు ఎత్తడం, ఈ అయిదింటికీ మార్కులు వేస్తారు. మొత్తం 10కి 3.5 కన్నా తక్కువ వస్తే ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిందే. కాలి వెనక నుంచి సూరల్ నరం తీసి తెగినచోట అతికించడం, లేదా పక్కన పనిచేస్తున్న నరంలో ఒక పాయను మళ్లించడం ఈ ఆపరేషన్లలో ముఖ్యమైనవి. వీటికి మంచి కాలం 3 నుంచి 9 నెలలు. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అది కండరాన్ని చేరేదాకా కండరం బతికి ఉండాలి. అందుకే ఈ ఆపరేషన్‌కు రెండేళ్ల వయసులో వచ్చేవాళ్లకు సర్జన్ చేతిలో పెద్దగా ఏమీ మిగలదు.

9 నెలలప్పుడు బిస్కెట్ పరీక్ష. కూర్చున్న బిడ్డ దండచేతిని పక్కకు ఆనించి పట్టుకుని, వేళ్ల మధ్య చిన్న బిస్కెట్ ముక్క పెట్టండి. మెడను 45 డిగ్రీల కన్నా ఎక్కువ వంచకుండా నోటికి తెచ్చుకోగలగాలి. బిస్కెట్ దగ్గరికి నోరు వెళ్లడం కాదు, నోటి దగ్గరికి బిస్కెట్ రావాలి.

ఇక భుజం పరీక్ష. ఇది ప్రతి టీకాకూ చేయాలి, ఇంట్లో కూడా నెలకోసారి చేసుకోవచ్చు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. మోచెయ్యి లంబకోణంలో వంచి, దాన్ని పక్కటెముకలకు ఆనించి పెట్టండి. ముంజెయ్యి ఇప్పుడు పైకప్పు వైపు నిలబడి ఉంటుంది. మీ రెండో చేత్తో బిడ్డ రెక్క ఎముకను కదలకుండా అదిమి పట్టుకోండి. ముంజేతిని మెల్లగా బయటికి, పరుపు వైపు వాల్చండి. ముందు మంచి చేతికి చేసి చూస్తే ఎంతదాకా వాలాలో తెలుస్తుంది, దాదాపు పరుపును తాకుతుంది. దెబ్బతిన్న చెయ్యి సగం దూరం, అంటే 45 డిగ్రీలు కూడా వెళ్లకపోతే స్కానింగ్ కావాలి. నిటారుగా ఉన్నచోటే ఆగిపోతే కీలు జారిందనే అనుకుని పరుగెత్తాలి. ఇందులో జరిగే పొరపాట్లు రెండు. ఒకటి, మోచెయ్యి పక్కకు ఆనించకుండా చెయ్యి ఎత్తి తిప్పడం. అలా చేస్తే బిగువు దాక్కుంటుంది. రెండు, రెక్క ఎముకను వదిలేయడం. అది చేత్తోపాటు తిరిగి, కీలు తిరిగినట్టు భ్రమ కలిగిస్తుంది. చంకలో మడత మంచి వైపుకన్నా లోతుగా ఉన్నా, భుజం వెనక ఉబ్బుగా తగిలినా, తిప్పుతుంటే టక్కుమన్నా అవి కూడా గుర్తులే.

ఎక్స్‌రే తీసి ‘అంతా బాగుంది’ అని పంపేయడం తరచూ జరుగుతుంది. మృదులాస్థి ఎక్స్‌రేలో కనపడదు, కాబట్టి ఆ మాటకు విలువ లేదు. ఏడాది లోపు పిల్లలకు మత్తు అక్కర్లేని అల్ట్రాసౌండ్ చాలు. తరవాత ఎమ్మారై. ఎమ్మారైలో చూసేవి రెండు: గిన్నె వెనక్కి ఎంత వాలింది, దండ ఎముక తలలో ఎంత భాగం రెక్క ఎముక గీతకు ముందు వైపు ఉంది. మామూలుగా అది సగం ఉండాలి. పీటర్ వాటర్స్ 1998లో ప్రకటించిన వర్గీకరణలో ఇది 35 శాతం కన్నా తగ్గితే మూడో రకం, అంటే కీలు జారడం మొదలైనట్టు. కండరాల కరెంటు పరీక్ష ఈఎంజీ కూడా పసిపిల్లల్లో దారి తప్పిస్తుంది. కాగితం మీద సంకేతం బాగుంటుంది, చెయ్యి లేవదు.

భుజం ఆపరేషన్ అనేది ఒకటి కాదు. వయసు, కీలు స్థితి చూసి నాలుగైదింటిలోంచి ఎంచుకోవాలి. ఏడాది, ఏడాదిన్నర లోపు కీలు జారినా ఇంకా సర్దగలిగేలా ఉంటే, మత్తిచ్చి సబ్‌స్కాపులారిస్ వంటి కండరాలకు బొటాక్స్ సూది వేసి, తలను గిన్నెలోకి సర్ది, చెయ్యి బయటికి తిప్పి పిండికట్టు వేస్తారు. బొటాక్స్ పని మూడు నాలుగు నెలలే. ఆ వ్యవధిలో వ్యాయామం సాగకపోతే సూది దండగ.

అలా సర్దుకోనప్పుడు సబ్‌స్కాపులారిస్‌ను వదులు చేయాలి. ఫ్రాన్స్‌లో 1971లో కార్లియోజ్, బ్రాహిమి రాసిన పద్ధతిలో ఆ కండరాన్ని రెక్క ఎముక మీద పుట్టినచోట లేపి జారనిస్తారు. ఇప్పుడు కొందరు కీలులోకి కెమెరా పంపి బిగుసుకున్న భాగాన్నే కోస్తారు. బయటికి తిప్పే బలం బొత్తిగా లేకపోతే దానికి తోడు కండర మార్పిడి: లాటిసిమస్, టీరీస్ మేజర్ కండరాల చివర్లను దండ ఎముక ముందు వైపు నుంచి విప్పి, వెనక పై భాగానికి కుట్టడం. లోపలికి లాగేవి బయటికి లాగేవవుతాయి. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికా సర్జన్లు సెవర్ 1918లో బిగువు వదిలించే ఆపరేషన్, లెపిస్కోపో 1934లో కండర మార్పిడి రాశారు. నేటి తీరు 1978 నాటి హాఫర్ పద్ధతికి దగ్గర. సాధారణంగా రెండు నుంచి ఆరేడేళ్ల మధ్య చేస్తారు. చెయ్యి ఎత్తే భుజం కండరం డెల్టాయిడ్‌కు కొంతైనా బలం ఉండాలి, కీలు గిన్నెలో కూర్చుని ఉండాలి. జారిన కీలును సర్దకుండా కండరాలు మాత్రం మార్చితే ఆ కండరాలకు పట్టు దొరకదు. ఆపరేషన్ ఫలించలేదని తిరిగి వచ్చే పిల్లలను చూసేటప్పుడు మొదట వెతకాల్సిన కారణం ఇదే. చిన్న వయసులో తలను గిన్నెలో సర్ది నిలపగలిగితే గిన్నె కూడా ఆకారం దిద్దుకుంటుంది. ఆ అవకాశం పెద్దయ్యాక రాదు.

ఏడెనిమిదేళ్లు దాటి కీలు ఆకారమే మారిపోయాక దాన్ని కదపకపోవడం మంచిది. అప్పుడు దండ ఎముకను అడ్డంగా కోసి, చెయ్యి బయటికి తిరిగేలా తిప్పి, ప్లేటు, స్క్రూలతో బిగిస్తారు. కదలిక మొత్తంగా పెరగదు, ఉన్న కదలిక పనికొచ్చే వైపుకు మారుతుంది. చెయ్యి నోటికి తీసుకెళ్లేటప్పుడు బాకా ఊదేవాడిలా మోచెయ్యి ఎగరేసే పిల్లలకు దీంతో మంచి మేలు జరుగుతుంది.

ఇక్కడ మన ఇళ్లకు సంబంధించిన మాట ఒకటి విడిగా చెప్పాలి. విదేశాల్లో ఫలితాలను ఎక్కువగా మాలెట్ మార్కులతో కొలుస్తారు. చెయ్యి ఎత్తడం, బయటికి తిప్పడం, మెడ వెనక, వెన్ను మీద, నోటి దగ్గర పెట్టడం. ఒక్కోదానికి 5 దాకా, మొత్తం 25. ఇందులో బొడ్డు దగ్గరికి చెయ్యి రావడం మొదట్లో లేదు, తరవాత చేర్చారు. మనకు అది ప్రాణం. ప్యాంటు గుండీ, లంగా బొందు, చొక్కా కింది గుండీలు, చీర కుచ్చిళ్లు దోపుకోవడం, అన్నిటికీ చెయ్యి లోపలికి తిరగాలి. ఎడమ చెయ్యి దెబ్బతిన్న బిడ్డ కడుక్కోవడం ఎలా? కుడి చెయ్యి అయితే ముద్ద కలిపి నోట్లో పెట్టుకోవడం ఎలా? లోపలికి తిప్పే కండరాలన్నీ ఒకేసారి కోసేసి, మార్చేసి, చెయ్యి పైకి ఎంత బాగా లేస్తోందో చూపిస్తే ఫొటోకు బాగుంటుంది. కానీ ఆ బిడ్డ జీవితాంతం ఒక చేతి పని రెండో చేత్తో చేసుకుంటూ సర్దుకోవాలి. అందుకే ఆపరేషన్‌కు ముందు బిడ్డ అరచెయ్యి మణికట్టు వంచకుండా బొడ్డుకు ఆనుతోందా అని చూసి కేసుషీటులో రాయాలి. ఇప్పటికే కష్టంగా ఆనుతుంటే కోత తగ్గించాలి. తల్లిదండ్రులు సర్జన్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ‘చెయ్యి ఎంత లేస్తుంది’ అని కాదు, ‘బొడ్డు దగ్గరికి వస్తుందా’ అని.

ఆపరేషన్ తరవాత 4 నుంచి 6 వారాలు నడుము దాకా పిండికట్టు. చెయ్యి బయటికి తిరిగి గాలిలో ఉంటుంది. చాలామంది వేసవి సెలవుల్లో చేయించుకుందామని మే నెలకే తేదీ అడుగుతారు. బడి పోదు నిజమే. కానీ 44 డిగ్రీల ఎండలో కట్టు లోపల చెమట, పొక్కులు, దురద ఎలా ఉంటాయో ఊహించుకోండి. వీలైతే దసరా తరవాత చేయించడం మేలు. ముందు గుండీలున్న, రెండు సైజులు పెద్ద చొక్కా తీసుకుని ఆ వైపు చెయ్యి విప్పి టిచ్ బటన్లు పెట్టించండి. పడుకోబెట్టేటప్పుడు వీపు కింద దిండ్లు ఒరుగుగా పెట్టాలి. దురదకు కట్టులోకి పుల్లలు, పెన్సిళ్లు దూర్చనివ్వకండి. వేళ్లు చల్లబడినా, నీలం తిరిగినా, ఉబ్బినా, ఊరట లేకుండా ఏడ్చినా రాత్రి అని చూడకుండా ఆస్పత్రికి రావాలి.

కట్టు విప్పాక అసలు పని మొదలవుతుంది. కొన్ని నెలలు రాత్రిళ్లు పట్టీ, పగలు ఫిజియో. చోటు మారిన కండరానికి కొత్త పని నేర్పాలి. గోడ మీద రోజూ కాస్త పైకి బొట్టుబిళ్లలు అంటించమనడం, దండెం మీద చేతిరుమాళ్లు ఆరేయించడం, తలకు నూనె తనే రాసుకోమనడం. ఇవి జిమ్ముకన్నా బాగా పనిచేస్తాయి. ఎన్టీఆర్ వైద్య సేవ, ఆరోగ్యశ్రీ కింద ఏది వర్తిస్తుందో తేదీ ఖాయం చేసుకునే ముందే కౌంటర్‌లో అడగండి. అడిగేటప్పుడు ఆపరేషన్ గురించే కాక రాత్రి పట్టీ, ఫిజియో గురించి కూడా అడగండి.

ఏ ఆపరేషన్ చేసినా చెయ్యి రెండోదాని అంత పొడవు కాదని ముందే చెప్పడం వైద్యుల బాధ్యత. జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ 1859లో ఎదురుకాళ్లతో పుట్టాడు. ఆయన ఎడమ చెయ్యి కుడిదానికన్నా సుమారు 15 సెంటీమీటర్లు పొట్టి. ఫొటోల్లో ఆ చేతిలో తరచూ గ్లవుజులు గానీ కత్తిపిడి గానీ కనిపిస్తాయి. ఆయనకు చిన్నప్పుడు కరెంటు వైద్యం కూడా చేశారు. ఇప్పటికీ నెలకు ఇంతని తీసుకుని పసిపిల్లలకు కరెంటు పెట్టే చోట్లు మన ఊళ్లలో ఉన్నాయి. దానివల్ల నరం త్వరగా వస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బు, ఆ బస్సు ఛార్జీ చేత్తో చేసే వ్యాయామానికి పెట్టడం నయం.

ఆ వ్యాయామం కూడా సరిగ్గా చేయాలి. కాలర్ ఎముక విరిగి ఉంటే రెండు మూడు వారాలు ఆగాలి, లేకపోతే వారం పది రోజుల నుంచే మొదలుపెట్టవచ్చు. బట్ట మార్చిన ప్రతిసారీ, పైన చెప్పిన పరీక్ష లాగే మోచెయ్యి పక్కకు ఆనించి, రెక్క ఎముక పట్టి, బయటికి వాల్చి, మెల్లగా పది లెక్కపెట్టేదాకా ఉంచాలి. అయిదుసార్లు. తరవాత అరచెయ్యి పైకి తిప్పడం, చెయ్యి తల వైపు ఎత్తడం. కీలు జారిన చేతిని మాత్రం బలవంతంగా తిప్పకూడదు. తిరిగేది కీలు కాదు, ఎముక తల గిన్నె అంచును అరగదీస్తుంది. చంటిబిడ్డకు కాళ్ల మీద లాలపోస్తూ చేతులు ఛాతీ మీద అడ్డంగా అటూ ఇటూ లాగే అలవాటు మనకుంది. ఈ బిడ్డకు అది వద్దు, చంకలో చేతులు వేసి ఎత్తడమూ వద్దు. ఎముక తప్పిందని నాటు కట్టు కట్టించి చెయ్యి ఛాతీకి బిగిస్తే ఆ కట్టు వారాలన్నీ బిగువుకు సాయం చేసిన వారాలే.

కాన్పు గది గురించి రెండు మాటలు. గర్భిణికి మొదటి పరీక్షలోనూ, 24–28 వారాల్లోనూ 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు షుగర్ చూడాలని జాతీయ మార్గదర్శకాలున్నాయి. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే గర్భంలో షుగర్. ఈ ఒక్క పరీక్ష సరిగ్గా జరిగితే పెద్ద బిడ్డల కాన్పులు ముందే తెలుస్తాయి. భుజం ఇరుక్కున్నప్పుడు పొట్ట పైభాగం నొక్కడం, తల పట్టి లాగడం రెండూ తప్పు. తల్లి తొడలను పొట్ట వైపు బాగా మడిచి, జఘన ఎముక పైన నొక్కాలి. తల వచ్చాక ఒళ్లు రావడానికి ఎంతసేపు పట్టింది, ఏమేం చేశారు అన్నది రాసిపెట్టాలి. కేసు పడుతుందన్న భయంతో రాయకపోతే, తరవాత చూసే వైద్యుడికి దెబ్బ ఎంత గట్టిదో అంచనా దొరకదు.

జాతీయ బాలల ఆరోగ్య కార్యక్రమం 2013లో మొదలైంది. అందులో పుట్టుకతో వచ్చే లోపాలుగా లెక్కించిన తొమ్మిదిలో మొర్రి, వంకరపాదం, తుంటి కీలు జారడం ఉన్నాయి, ఈ భుజం లేదు. నరాల–కదలికల లోపం అన్న పద్దు కింద జిల్లాలో పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే డీఈఐసీ కేంద్రానికి పంపవచ్చు గానీ, ఆ పద్దు చూసి ఈ బిడ్డను గుర్తుపట్టాలంటే ఎవరో ఒకరు ముందు చెయ్యి చూసి ఉండాలి. ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 42 రోజుల్లోపు ఆరుసార్లు వెళ్తుంది. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలను అడిగేది చిన్నదే. తల్లీబిడ్డల కార్డులో టీకాల పట్టిక పక్కన రెండు గడులు వేయండి: ‘మోచెయ్యి వంగుతోందా’, ‘భుజం బయటికి తిరుగుతోందా’. రెండో గడిలో ‘లేదు’ అని పడిన రోజున ఎవరికి ఫోన్ చేయాలో ఆ కార్డు మీదే జిల్లావారీగా నంబరు అచ్చువేయండి.

ఇట్లు,
పిల్లల ఎముకల, నరాల శస్త్రచికిత్సలు, ఫిజియోథెరపీ చేసేవాళ్లం కొందరం